రంగు మారిన మజ్జిగ

"సల్ల నువ్వే ఇస్త అన్నవా, ఆయననే అడిగిండా?"

డిటెక్టివ్ విఠల్ ఈ ప్రశ్న వేయగానే సంతోషమ్మ తలెత్తి చూసింది. సుల్తానాబాద్ పోలీస్ స్టేషన్ వెనుక గదిలో రెండు రోజులుగా ఆమెను చాలామందే ప్రశ్నించారు. అందరిదీ ఒకటే పాట. మందు ఎంత కలిపినవ్, ఎట్ల కలిపినవ్, ఎవలు చెప్పిండ్రు. మజ్జిగ సంగతి అడిగిన మొదటి మనిషి ఇతనే. చట్టం ప్రకారం కోర్టు ముఖం చూపించకుండా ఒక్క రోజుకు మించి ఉంచకూడదు గానీ, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దామోదర్‌రావు క్యాలెండర్‌లో రోజులు కాస్త పొడుగు.

"ఆయననే అడిగిండు సారు," అంది సంతోషమ్మ. "బుధారం పగటీలి. నేను ఇంటి ముంగట కూసున్న. పర్శరాములు వచ్చి, 'అక్కా, నోరంత మండుతుంది, కారం తినబుద్ధి అయితలేదు, జర సల్ల ఉంటే పొయ్యి' అన్నడు. ఎంత కొట్లాడితె మాత్రం, నోరు తెరిచి అడిగినోనికి లేదంటనా?"

"విన్నవా విఠల్?" కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు దామోదర్‌రావు. "పోసిన అని తన నోటితోనే ఒప్పుకుంటుంది. ఇంకేం కావాలె నీకు?"

వీళ్లిద్దరూ ఒకే ఏడాది సబ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్లు. ఒకడు సర్కిల్ అయ్యాడు. నిర్మల్ నుంచి వచ్చిన రెండోవాడు ఉద్యోగం వదిలేసి కరీంనగర్‌లో టైర్ల దుకాణం పైన గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. అది శుద్ధ తెలివితక్కువ పని అని దామోదర్‌రావు అభిప్రాయం. దామోదర్‌రావుకు ప్రమోషన్ ఎట్లా వచ్చిందన్నది విఠల్‌కు ఇప్పటికీ అంతుపట్టని కేసు.

ఈ కేసు మాత్రం పైకి చాలా సూటిగా కనబడుతోంది. గొల్లకుంటలో రామేశ్వర్‌రావు దొరకు పెద్ద మక్క చేను ఉంది. పోయినేటి వరకు సంతోషమ్మ గుంపే అందులో కలుపు తీసేది. ఈ 1988 వానకాలంలో దొర గడ్డి మందు తెచ్చాడు. ఆయన జీతగాడు పర్శరాములు పంపు వీపున వేసుకుని సాళ్ల మధ్య కొట్టుకుంటూ పోయాడు. ఆడవాళ్ల పని పోయింది. సోమవారం నాడు సంతోషమ్మ అతన్ని ఒడ్డు మీద నిలబెట్టి, "మా పొట్ట గొట్టిన మందు నీ పొట్టలనే పడ!" అని ఊరు వినేటట్టు తిట్టింది. బుధవారం మజ్జిగ పోసింది. ఆదివారం పర్శరాములు ఊపిరాడక చనిపోయాడు. శవపరీక్షలో ఒంట్లో గడ్డి మందు బయటపడింది. సంతోషమ్మ ఇంట్లో గడ్డి మందు డబ్బా దొరికింది. దామోదర్‌రావు వీటన్నిటినీ ఒక దారానికి గుచ్చి ముడి వేశాడు. రేపు పొద్దున కోర్టుకు పంపితే ఆమె ఇక ఏళ్ల తరబడి బయటి వెలుగు చూడదు. కరీంనగర్‌లో నర్సుగా పనిచేసే ఆమె బిడ్డ దెబోరా నిన్న వచ్చి విఠల్ గదిలో కూర్చుని ఏడ్చింది. అందుకే అతను ఇప్పుడు ఇక్కడున్నాడు.

"మందు డబ్బా నీ ఇంట్లెకు ఎట్ల వచ్చింది?" అడిగాడు విఠల్.

"వట్టి డబ్బ సారు. దీపానికి గ్యాసునూనె పోసుకుంటందుకు దొర ఇచ్చిండు. మా వాడల ఏ ఇంట్ల జూసినా ఉంటయి."

"కలుపు పని పోతే అంత కోపమెందుకు? వేరే పని దొరకదా?"

సంతోషమ్మకు ఈ మాట తగిలింది. "కలుపు అంటే కూలి ఒక్కటేనా సారు? తీసిన గడ్డి మోపు గట్టి బర్రెకు ఏస్తం. అండ్లనే తుమ్మికూర, దొగ్గలికూర ఏరుకొని పొద్దుగూకంగ వండుకుంటం. ఇప్పుడు చేన్ల పచ్చని ఆకు లేదు. మొన్న మా పక్కింటామె మందు కొట్టిన ఒడ్డు మీద గడ్డి కోసి ఏస్తే బర్రె దుడ్డె నురగలు గక్కి సచ్చింది. కోపం రాదా? వచ్చింది, తిట్టిన. తిడితే మనిషి సస్తడా?"

విఠల్ లేచి కానిస్టేబుల్‌ను పిలిచి ఎదురుగా ఉన్న హోటల్ నుంచి గ్లాసెడు మజ్జిగ తెమ్మన్నాడు. తన సంచిలో నుంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున బస్సు దిగగానే పురుగుమందుల దుకాణంలో కొన్న గడ్డి మందు అది. పర్శరాములు కొట్టింది కూడా ఇదే రకం.

"ఏం తమాషా ఇది?" అన్నాడు దామోదర్‌రావు.

"జరసేపు ఓపిక పట్టు."

మజ్జిగ వచ్చింది. విఠల్ రుమాలు చేతికి చుట్టుకుని సీసా మూత తీసి రెండు మూతలు మజ్జిగలో పోశాడు. చెంచాతో తిప్పాడు. తెల్లటి మజ్జిగ కళ్ల ముందే నెమలి మెడ రంగుకు తిరిగింది. గది నిండా కుళ్లు కంపు లేచింది. దామోదర్‌రావు ముక్కు మూసుకుని కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఎవలూ పొరపాటున తాగొద్దని కంపెనోళ్లే ఈ రంగు, ఈ కంపు కలుపుతరు," అన్నాడు విఠల్. "చెప్పు సర్కిల్ సాబ్, పట్టపగలు, ఇంటి ముంగట కూసోని, నువ్వైతే దీన్ని తాగుతవా?"

"వాడు కల్లు తాగి ఉంటడు. రంగు ఏం కనబడుతది?"

"కళ్లు తాగినయ్ సరే, ముక్కు కూడ తాగిందా?"

కానిస్టేబుల్ ఫక్కున నవ్వి, సర్కిల్ చూపు తగలగానే నవ్వు మింగేశాడు. దామోదర్‌రావు ముఖం ఎర్రబడింది. "జర కలిపితే రంగు రాదు. జర జర కలిపింది."

"సరే, కలిపిందే అనుకుందాం. ఆయన సల్ల ఎందుకు అడిగిండు? నోరు మండుతుందని. అంటే నోరు ముందే మండుతుంది. విషం తాగినంక నోరు మండుతది గని, నోరు మండినంక విషం తాగుతరా? అది బుధారం కంటె ముందుగాలనే ఆయన ఒంట్లెకు పోయింది. నువ్వు తారీఖే తప్పు పట్టినవ్."

"నోరు మండుతుంది అన్నడని చెప్పేది ఈమెనే. ముద్దాయి మాట మీద కేసు కొట్టేయాల్నా?"

"వద్దు. ఈమె మాట నేను కూడ నమ్మ. పా, ఇంకొకలను అడుగుదాం. నీ జీపులనే పోదాం, నేను చెప్పింది తప్పైతే అక్కడనే నవ్వుకోవచ్చు."

నవ్వే అవకాశం వదులుకునే మనిషి కాదు దామోదర్‌రావు. టోపీ పెట్టుకుని బయలుదేరాడు.

* * *

శవపరీక్ష చేసిన డాక్టర్ నిర్మలాదేవి పెద్దపల్లి ప్రభుత్వ దవాఖానలో రోగుల మధ్య నిలబడే మాట్లాడింది. కూర్చోమనే తీరిక కూడా ఆమెకు లేదు.

"గొంతు లోపల పుండ్లున్నాయా డాక్టర్ గారూ? కడుపులో?" అడిగాడు విఠల్.

"లేవు. పెదాల మీద, నాలుక కొస మీద ఉన్నయి. మందు గుటకేసిన మనిషికైతే గొంతు పొడుగునా ఉంటయి. ఈయనకు గొంతు శుభ్రంగ ఉంది."

దామోదర్‌రావు గొంతు సవరించుకున్నాడు. "మరి ఒంట్లోకి మందు ఎట్ల పోయింది?"

"వీపు నుంచి," అంది ఆమె. "నడుము మీద వాతలున్నయి. కొత్తవి. వాటి చుట్టూ తోలు ఊడి అరచెయ్యంత పచ్చిపుండు. నేను అదంతా రాసిన సర్కిల్ గారూ. మీరు మొదటి పేజీ చదివి, విషం అన్న మాట దొరకంగనే వెళ్లిపోయిండ్రు."

"తోలు నుంచి విషమా? ఇరవై ఏండ్ల సర్వీసుల నేను వినలే."

"మీరు వినలేదని మనుషులు చచ్చుడు ఆపుతరా?" డాక్టర్ గొంతులో కోపం దాచుకోలేదు. "మంచి తోలైతే చాలావరకు ఆపుతది. పచ్చిపుండు మీద, గీరుకపోయిన తోలు మీద ఈ మందు తడి పొద్దంతా ఉంటే తాగినట్టే లెక్క. నెత్తుట్లో కలిసి ఊపిరితిత్తులకు పోతది. మొదటి రెండు మూడు రోజులు మనిషి నడుస్తడు, తింటడు, పని చేస్తడు. మనకు తెలిసేసరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ఉంటయి. దీనికి విరుగుడు లేదు. తగిలిన వెంటనే సబ్బు పెట్టి కడుక్కోవాలె. అంతకు మించి నా చేతిల ఏం లేదు. ఈ ఏడు నా దగ్గరికి వచ్చిన మూడో మనిషి ఈయన. మొదటి ఇద్దరికి కేసు కూడ లేదు."

జీపు ఎక్కాక దామోదర్‌రావు శవపరీక్ష కాగితాల్లో రెండో పేజీ తిప్పాడు. విఠల్ కూడా రెచ్చగొట్టలేదు. పొరపాటు అర్థమవుతున్న మనిషిని కాసేపు ఊరికే వదిలేయాలని అతనికి తెలుసు.

* * *

పర్శరాములు భార్య బాలలక్ష్మి గొల్లకుంటలో ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంతోషమ్మ పేరు చెప్పగానే శాపనార్థాలు మొదలుపెట్టింది. తన మొగుణ్ని మింగిన మనిషిని ఉరి తీసేదాకా తిండి ముట్టనంది. దామోదర్‌రావుకు ప్రాణం లేచి వచ్చింది. విఠల్ ఆమె తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, అప్పుడు మెల్లగా అడిగాడు.

"నోరు మండుతుందని ఆయన నీకెప్పుడు చెప్పిండమ్మా?"

"మంగళారం రాత్రి సారు. అన్నం పెడితే ముద్ద మింగలే. కారం ఎక్కువేసినవని నా మీద లేచిండు."

మంగళవారం రాత్రి. మజ్జిగ బుధవారం. విఠల్ దామోదర్‌రావు వైపు చూడను కూడా చూడలేదు.

"మందు కొట్టేటప్పుడు నోట్లెకు ఏమన్న పోయేదా?"

"పంపు కొసకు అడ్డం పడితె నోట్లె పెట్టుకొని ఊదేటోడు. అందరు గట్లనే ఊదుతరు సారు. ఇంకెట్ల తీస్తరు?"

"వీపు మీద వాతలు ఏంటివి?"

"మందు పంపు మోసి మోసి నడుం పట్టింది. ఆ ముందటి ఆదివారం నాడు మా వాడల కనకవ్వ కొడవలి కాల్చి వాతలు పెట్టింది. సోమారం మళ్ల పనికి పోయిండు. రెండొద్దులు ఆగు అన్న, దొర ఊకోడు అన్నడు."

"పచ్చి వాతల మీద పంపు ఎట్ల మోసిండు?"

"గోనెసంచి మడిచి వీపుకు పెట్టుకునేటోడు, ఒరుసుకోకుండ. పంపు అడుగున పలిగింది, కారేది. ఇంటికొచ్చే యాళ్లకు అంగి పిండితె నీళ్లు పడేటియి. ఆ సంచిని పంపుతోపాటు మోటరు కాడ్నే తగిలేసి, తెల్లారి మళ్ల అదే పెట్టుకునేటోడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దొరకు చెప్పిండు సారు, పంపు కారుతుంది, వీపు మండుతుంది అని. 'ఈ పంటకు ఎట్లన్న ఎల్లదియ్యిరా' అన్నడట."

చెప్పడం ఆపి ఆమె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తాను ఏం చెప్పిందో ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది. "అంటే... సల్ల వల్ల కాదా?" అంది సన్నగా.

నొప్పి తగ్గించుకోవడానికి కాల్చుకున్న వాతలు, ఒరుసుకోకుండా పెట్టుకున్న గోనె. రెండూ తన మేలుకే చేసుకున్నాడు పర్శరాములు. ఆ రెండూ కలిసి అతన్ని చంపాయి. ఇందులో విషం పెట్టిన చెయ్యి లేదు. పంపు కారుతోందని తెలిసీ వీపున ఎక్కించిన చెయ్యి మాత్రం ఉంది.

* * *

ఆ చెయ్యి గల రామేశ్వర్‌రావు మక్క చేను ఒడ్డున మోటరు గది ముందు మంచం వేయించుకుని కూర్చున్నాడు. పోలీసు జీపును చూసి మర్యాదగా లేచాడు. పంపు చూపించమంటే వెంటనే గదిలోనుంచి తెప్పించాడు. పసుపు రంగు పంపు, అద్దంలా మెరుస్తోంది.

"పర్శరాములు కొట్టింది దీంతోనే?" అడిగాడు విఠల్.

"గిదే. మాకు ఇదొక్కటే."

విఠల్ పంపు భుజం పట్టీలు వేళ్లతో వంచి చూశాడు. ఇంకా బిర్రుగా ఉన్నాయి. నెలరోజులు ఒక మనిషి చెమట తాగిన పట్టీలు ఇట్లా ఉండవు. అతను ఏమీ అనకుండా గది చుట్టూ తిరిగాడు. బయటి గోడకు ఒక పెద్ద మేకు కొట్టి ఉంది. దాని కింద నేల మీద పళ్లెమంత మేర గరిక మాడి, తుప్పు రంగులో ఉంది.

"సర్కిల్ సాబ్, ఇటు రా."

"చేనంతా గడ్డి మాడింది. అందుల వింతేముంది?" అన్నాడు దామోదర్‌రావు. అయినా వచ్చాడు.

"చేన్ల సాళ్లు మాడినయి, కొట్టిండ్రు కాబట్టి. ఈ గది చుట్టూ చూడు. గరిక ఏపుగ ఉంది. ఇక్కడ ఎవలూ కొట్టలే. ఒక్క ఈ మేకు కిందనే మాడింది."

విఠల్ కొత్త పంపులో నిండుగా నీళ్లు పోయించి ఆ మేకుకే తగిలించాడు. ముగ్గురూ దాని ముందు నిలబడ్డారు. దామోదర్‌రావు సిగరెట్ ముట్టించి, అది అయ్యేదాకా పంపు అడుగు వైపే చూశాడు. ఒక్క చుక్క రాలలేదు. సిగరెట్ చివర నేలకేసి తొక్కి అతను దొర వైపు తిరిగాడు. కేసులో మొదటిసారి అతని గొంతు ఎవరి మీద లేవాలో వాళ్ల మీద లేచింది.

"కారే పంపు ఏది రామేశ్వర్‌రావ్ గారూ?"

"కారే పంపు ఎక్కడిది? ఎవలో చెప్పిండ్రని..."

"ఈ మేకు చెప్పింది. పంపు ఏది?"

రామేశ్వర్‌రావు మేకు మీది నుంచి చూపు తప్పించాడు. ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "ఏందయ్యా, జీతగాడు సస్తే దొర మీద పడుతరా? ఊర్ల ఇంటింటికి కొడుతుండ్రు మందు. కూలోళ్లు దొరకక కాదా మేం తెచ్చుకునేది? నేనేమన్న వాని నోట్లె పోసిన్నా?"

"నోట్లె పొయ్యలే. వీపున పోసినవ్," అన్నాడు విఠల్. "వాడు పోయినంక పంపు దాచినవ్. తప్పు లేకుంటే దాచుడెందుకు?"

"దాచలే. పారేసుకుంటనా మంచి పంపును? చెలక చేను మీదికి పంపిన. కాలువ అవతల. పని నడుస్తుంది అక్కడ."

విఠల్ గబుక్కున దొర ముందుకు వచ్చాడు. "ఎవలు కొడుతుండ్రు?"

దొర మంచం కోడు వైపు చూస్తూ అన్నాడు. "పౌలు."

"ఏ పౌలు?"

"ఆమె కొడుకే. సంతోషమ్మ కొడుకు. అవ్వను పట్టుకపోయిన తెల్లారి వచ్చి కాళ్ల మీద పడ్డడు, ఇడిపియ్యమని. ముందు చెలకకు మందు కొట్టరా, అయినంక సర్కిల్ సాబ్‌తో మాట్లాడుత అన్న."

దామోదర్‌రావుకు విషయం అర్థమైంది. తాను లాకప్‌లో పెట్టిన తల్లి కోసం కొడుకు ఆ పంపు ఎత్తుకున్నాడు. అప్పటికే విఠల్ జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

* * *

కాలువ దాకా జీపు పోయింది. అక్కడి నుంచి ఒడ్ల మీద పరుగు. చెలకలో ఒక్కడే మనిషి కనబడ్డాడు. అంగీ లేదు. వీపున పాత పంపు, పంపుకూ వీపుకూ మధ్య మడిచిన గోనె. కొస ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదుతున్నాడు.

"పౌలూ! నోట్ల నుంచి తియ్యి అది! పంపు దించు!"

ఖాకీ బట్టలు చూసి పౌలు బెదిరిపోయాడు. దించకపోగా పట్టీలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగాడు. ఇరవై దాటిన మనిషి, బలంగానే ఉన్నాడు.

"అయిపోతది సార్, ఇంక నాలుగు సాళ్లే ఉన్నయి," అన్నాడు బతిమాలుతూ. "అయిపోతే దొర మాట్లాడుత అన్నడు. మా అవ్వను ఇడుస్తరు. ఇప్పుడు దించితె దొర మాట తప్పుతడు సార్."

"దొరతో పని లేదు. దించు ముందు."

"విఠల్, ఆగు!" వెనుక నుంచి రొప్పుతూ వచ్చాడు దామోదర్‌రావు. "పంచ్ సాక్షుల ముంగట దించాలె. ఫోటో తియ్యాలె. ఆ తల్లిని ఇడిపిచ్చే సాక్ష్యం ఇదే. ఇప్పుడు కడిగితే రేపు కోర్టుల దొర వకీలు నవ్వుతడు."

"నీ పంచనామా పంపు మీద రాసుకో, గోనె మీద రాసుకో. వీపు మీద రాయకు!"

విఠల్ ఇక ఆగలేదు. జేబు కత్తి తీసి పట్టీలు కోసేశాడు. పంపు దబ్బున కింద పడింది. గోనె మాత్రం పడలేదు. వీపుకు అంటుకుని ఉంది. మెల్లగా ఊడదీస్తే పౌలు పళ్లు బిగించాడు. రెండు రోజుల తడికి, రాపిడికి నడుము మీద తోలు లేచిపోయి ఎర్రగా కనబడింది.

దామోదర్‌రావు ఆ వీపు చూశాడు. అతనికి డాక్టర్ చెప్పిన అరచెయ్యంత పుండు గుర్తొచ్చి ఉంటుంది. ఫోటో మాట మళ్లీ ఎత్తలేదు.

చెలక మూలన బావి ఉంది. మోటరు స్విచ్ వేస్తే పలకలేదు. కరెంటు లేదు. సాయంత్రం దాకా రాదన్నాడు పౌలు. గిలకకు తాడు, బొక్కెన ఉన్నాయి. విఠల్ తాడు అందుకునేలోపే దామోదర్‌రావు టోపీ తీసి గట్టు మీద పెట్టి, బొక్కెన బావిలోకి వదిలాడు.

"నువ్వు రుద్దు. నేను తోడుత," అన్నాడు.

పక్క గుడిసెలో బట్టల సబ్బు దొరికింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తోడుతూనే ఉన్నాడు. యూనిఫాం మోచేతుల దాకా తడిసింది, అరచేతులు బొబ్బలెక్కాయి. విఠల్ పౌలు వీపు, చేతులు, మెడ సబ్బుతో తోమి కడిగాడు. నోరు పుక్కిలించమన్నాడు. మధ్యలో పౌలుకు నవ్వొచ్చింది. "పెండ్లికొడుకును చేస్తుండ్రా సార్?" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"మా అవ్వను ఇడుస్తరా సార్?" మళ్లీ అడిగాడు.

దామోదర్‌రావు బొక్కెన గట్టు మీద పెట్టాడు. "ఇడుస్తున్న. ఇయ్యాల్నే. మీ అవ్వ ఏ తప్పు చెయ్యలే," అన్నాడు. ఆ మాట చెప్పడం అతనికి సులువేం కాలేదు.

* * *

పౌలును కరీంనగర్ పెద్ద దవాఖానలో చేర్చి వచ్చేసరికి పొద్దు వాలింది. అక్కడి డాక్టర్లు, కడిగి మంచి పని చేశారన్నారు. ఎంత మందు లోపలికి పోయిందో ఇప్పుడే చెప్పలేం, వారం ఆగి చూడాలన్నారు. దెబోరా తమ్ముడి మంచం పక్కన కూర్చుంది. రామేశ్వర్‌రావు ఈసారి తన మంచం మీద కాకుండా స్టేషన్ బల్ల మీద కూర్చున్నాడు. పంపు, గోనె సీలు వేసి దామోదర్‌రావు బీరువాలో పెట్టారు.

లాకప్ తలుపు దామోదర్‌రావు తానే తీశాడు. సంతోషమ్మ బయటికి వచ్చి కొంగు సర్దుకుంది. చేతులు జోడించి, "యేసయ్య మీ రూపంల వచ్చిండు సారు," అంది విఠల్‌తో. ఆ తర్వాత వాకిట్లోకి చూసింది. కానిస్టేబుళ్లు తప్ప ఎవరూ లేరు.

"నా కొడుకు రాలేదా సారు? పౌలుకు చెప్పలేదా?"

పొద్దుటి నుంచి ఒకరి మాట మీద ఒకరు పడి కొట్లాడుకున్న ఇద్దరు మగవాళ్లూ ఇప్పుడు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. చివరికి విఠలే చెప్పాడు. దాచి లాభం లేదు. పర్శరాములు ఎట్లా పోయాడో, ఆ పంపు ఎవరి చేతికి పోయిందో, ఎందుకు పోయిందో అన్నీ చెప్పాడు. దామోదర్‌రావు తల వంచుకుని నిలబడ్డాడు.

"దవాఖానల ఉన్నడమ్మా. వీపు మంచిగ కడిగినం. నడుస్తుండు, మాట్లాడుతుండు, అన్నం కూడ తిన్నడు. ఇప్పుడైతే మంచిగనే ఉన్నడు."

సంతోషమ్మ గోడ పట్టుకుంది. ఏడవలేదు. విఠల్ ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది.

"పర్శరాములు కూడ బుధారం నాడు మంచిగనే ఉండె సారు."